32 ఎంబీలో ఆరు పాటలు: ఫ్లాష్ మెమరీ ఏమేం వదులుకుంది?

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ బీరువా సొరుగులో ఒక వస్తువు దొరికింది. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. చదువుకుంటున్నవాళ్ల కోసం చెప్తాను: అగ్గిపెట్టెకన్నా కాస్త పొడుగు, ఒక చివర యూఎస్‌బీ పిన్ను, పక్కన ఇయర్‌ఫోన్ కన్నం, లోపల ఒకే ఒక్క ట్రిపుల్ ఏ బ్యాటరీ. కంపెనీ పేరు ఎప్పుడో అరిగిపోయింది. వెనకాల "128 ఎంబీ" అని మాత్రం కనిపిస్తోంది. జీబీ కాదండీ, ఎంబీ.

2004లో మావయ్య అమెరికా నుంచి తెచ్చిన ఎంపీత్రీ ప్లేయర్ ఇది. అప్పటికి నేను రెండో తరగతి. దీంట్లో పాతిక పాటలు పట్టేవి. ఒక చిన్న మైకు కూడా ఉండేది, దాంతో మేం పిల్లలం అమ్మమ్మ చెప్పే కథలు రికార్డ్ చేసేవాళ్లం. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ రికార్డింగులు ఇంకెక్కడా లేవు, దీంట్లోనే ఉన్నాయి. ఇంకా ఉన్నాయో లేదో వీడియో చివర్లో చూద్దాం. ఈలోగా అసలు ప్రశ్న ఏంటంటే, తిరిగే చక్రం లేకుండా, టేపు లేకుండా, బ్యాటరీ తీసేసినా సరే, ఒక గొంతు ఇంత చిన్న ముక్కలో ఎలా కూర్చుంటుంది?

ముందు ఒక లెక్క చేద్దాం. సీడీలో పాట అంటే సెకనుకి 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, స్టీరియో కాబట్టి రెండు ఛానెళ్లు. గుణిస్తే నిమిషానికి సుమారు 10 ఎంబీ. 1998లో వచ్చిన మొదటి ప్లేయర్లలో మెమరీ ఎంతో తెలుసా? 32 ఎంబీ. అంటే సీడీ నుంచి పాటని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే మూడు నిమిషాలు. మన సినిమా పాటల్లో రెండో చరణం అందుకునేలోపే మెమరీ అయిపోతుంది!

అక్కడ ఎంపీత్రీ సాయపడింది. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన టీమ్ ఏళ్ల తరబడి పనిచేసి తయారుచేశారు. సూత్రం చాలా సింపుల్. డప్పు గట్టిగా మోగుతున్న క్షణంలో పక్కన వినిపించే సన్నని శబ్దాన్ని మన చెవి ఎలాగూ పట్టించుకోదు. చెవి పట్టించుకోనిదాన్ని దాచడం ఎందుకు? తీసి పారేద్దాం. అలా సెకనుకి 14 లక్షల బిట్లు కాస్తా 1,28,000 బిట్లకి దిగాయి. నిమిషం పాట ఒక ఎంబీ లోపే. 32 ఎంబీలో సుమారు 35 నిమిషాలు. మన లెక్కలో ఆరు పాటలు, అంటే కరెక్ట్‌గా ఒక సినిమా ఆల్బమ్.

వినపడని శబ్దాన్ని వదులుకుంటే పాట చిన్నదైంది. ఈ "వదులుకోవడం" అన్న మాట గుర్తుపెట్టుకోండి. మెమరీ చిప్ కథ కూడా ఇదే.

ఇప్పుడు చిప్ లోపలికి వెళ్దాం. 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ఒక ఐడియా రాశారు. ట్రాన్సిస్టర్ మధ్యలో ఒక చిన్న గది కట్టారనుకోండి. నాలుగు వైపులా గోడలే, తలుపు లేదు. ఆ గదిలోకి కొన్ని ఎలక్ట్రాన్లని ఎలాగోలా పంపిస్తే బయటికి రాలేవు, కరెంటు పోయినా అక్కడే ఉంటాయి. గదిలో ఎలక్ట్రాన్లు ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం, సున్నా లేదా ఒకటి. దీన్నే ఫ్లోటింగ్ గేట్ అంటారు. తలుపు లేని గదిలోకి ఎలా పంపుతారు అంటారా? గోడ చాలా పల్చగా ఉంటే, అవతల గట్టి వోల్టేజ్ పెడితే, కొన్ని ఎలక్ట్రాన్లు గోడలోంచే అవతలికి చేరతాయి. క్వాంటమ్ టనలింగ్ అంటారు. బీటెక్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో ఇది చదివి, పరీక్షలో రాసి, మర్చిపోయాను నేను. నా జేబులో ఉన్న ఫోన్‌లో రోజూ జరిగేది అదేనని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ ఈ ఐడియాతో ఈప్రామ్ చేశారు. రాయడం కరెంటుతోనే. చెరపాలంటే మాత్రం చిప్ మీద ఒక గాజు కిటికీ ఉండేది, దానిమీద అల్ట్రావయొలెట్ లైటు వేసి కొన్ని నిమిషాలు ఆగాలి. పాట మార్చడానికి ప్లేయర్‌ని విప్పి లైటు కింద పెట్టడం ఊహించుకోండి! తర్వాత ఈఈప్రామ్ వచ్చింది. కరెంటుతోనే ఒక్కో బైట్ విడిగా చెరపొచ్చు. సౌకర్యం బాగుంది, కానీ ఒక్కో బిట్‌కి రెండేసి ట్రాన్సిస్టర్లు కావాలి. దాంతో చిప్ పెద్దదవుతుంది, ధర పెరుగుతుంది.

ఇక్కడ మన హీరో ఎంట్రీ. ఫుజియో మసుఒకా, 1943లో పుట్టారు, తొషీబాలో ఇంజినీర్. ఈయన వేసుకున్న ప్రశ్న నాకు చాలా నచ్చుతుంది. "ఒక్కో బైట్ విడివిడిగా చెరిపే సౌకర్యం నిజంగా ఎవరికి కావాలి?" దాన్ని వదిలేసి, మొత్తాన్నీ ఒకేసారి చెరిపేస్తే బిట్‌కి ఒకే ట్రాన్సిస్టర్ చాలు. 1980లో పేటెంట్‌కి పెట్టారు. చెరపడం కెమెరా ఫ్లాష్ కొట్టినట్టు ఒక్క దెబ్బలో అయిపోతుంది కదా అని, దానికి ఫ్లాష్ అనే పేరు సూచించింది ఆయన సహోద్యోగి షోజీ ఆరిజుమి. 1984లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఐఈడీఎమ్ అనే ఎలక్ట్రానిక్స్ సదస్సులో దీన్ని ప్రపంచం ముందు పెట్టారు. ఇంటెల్ వెంటనే దీని విలువ పట్టేసి, 1988కల్లా మార్కెట్లోకి చిప్ తెచ్చేసింది.

కానీ అది నార్ ఫ్లాష్. పాటలకి కావలసింది అది కాదు. మసుఒకా 1987లో అదే సదస్సులో ఇంకోటి చూపించారు, నాండ్ ఫ్లాష్. తేడా ఏంటో మన వీధి లెక్కలో చెప్తా. నార్ అంటే వీధిలో ప్రతి ఇంటికీ రోడ్డు మీదకి ఒక గుమ్మం. ఎవరింటికైనా నేరుగా వెళ్లొచ్చు, కానీ అన్ని గుమ్మాలకీ స్థలం కావాలి. నాండ్ అంటే పల్లెటూళ్లో పాతకాలం పొడుగాటి ఇల్లు. వీధిలోకి ఒకటే గుమ్మం, లోపల గదిలోంచి గదిలోకి నడవాలి. చివరి గదిలో ఏముందో చూడాలంటే అన్నీ దాటాలి. స్థలం మాత్రం బాగా మిగులుతుంది. అదే సిలికాన్ ముక్కలో ఎక్కువ బిట్లు పడతాయి, బిట్ ధర తగ్గుతుంది. మసుఒకా మొదట్నించీ పెట్టుకున్న లక్ష్యం కూడా అదే, టేపులు, డిస్కుల పని చిప్‌తో చేయించడం.

నష్టం ఏంటంటే నాండ్‌లో ఒక్క బైట్ కావాలన్నా దొరకదు. అప్పటి చిప్పుల్లో చదవాలంటే 512 బైట్ల పేజీ మొత్తం చదవాలి, చెరపాలంటే 16 కేబీ బ్లాక్ మొత్తం చెరపాలి. ప్రోగ్రామ్ నడపడానికి ఇది పనికిరాదు, ప్రోగ్రామ్ ఎప్పుడూ అటూ ఇటూ గెంతుతూ ఉంటుంది. మరి పాట? పాట గెంతదు. పల్లవి తర్వాత చరణం, చరణం తర్వాత మళ్లీ పల్లవి, వరసగా పోతుంది. ఇంకో తమాషా చూడండి. 128 కేబీపీఎస్ ఎంపీత్రీ అంటే సెకనుకి 16,000 బైట్లు. ఒక బ్లాక్ 16,384 బైట్లు. అంటే ఆ ప్లేయర్లలో ఒక బ్లాకుకి దాదాపు ఒక సెకను పాట! ఎవరూ కావాలని కుదిర్చింది కాదు, అలా కలిసొచ్చింది. లెక్క వేసినప్పుడు నేను క్యాలిక్యులేటర్ రెండుసార్లు నొక్కి చూసుకున్నా.

నాండ్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే కొన్ని బ్లాకులు పాడై ఉంటాయి. ఇది మోసం కాదండీ, డేటాషీట్‌లో రాసే ఇస్తారు. పాడైనవాటికి గుర్తు పెట్టి ఉంటుంది, వాటిని దాటేసి మిగతావి వాడుకోవాల్సిన బాధ్యత కంట్రోలర్‌ది. పైగా ఎలక్ట్రాన్లని గోడలోంచి తోసిన ప్రతిసారీ ఆ గోడ కొంచెం దెబ్బతింటుంది. ఆ కాలపు సెల్‌కి సుమారు లక్షసార్లు రాసి చెరిపే ఆయుష్షు. కంప్యూటర్ మెమరీకి లక్ష తక్కువే. కానీ పాటల ప్లేయర్లో మనం రోజుకి ఎన్నిసార్లు పాటలు మారుస్తాం?

సరే, ప్లేయర్ల దగ్గరికి వద్దాం. చిప్‌లో సంగీతం పెట్టాలన్న ఐడియా ఇంకా పాతది. 1979లో, సోనీ వాక్‌మన్ వచ్చిన సంవత్సరమే, బ్రిటన్‌లో కేన్ క్రేమర్ అనే కుర్రాడు కదిలే భాగాలు లేని ప్లేయర్ డిజైన్ గీశాడు. అప్పటి మెమరీతో మూడున్నర నిమిషాలే పట్టేది. 1988లో పేటెంట్‌ని నిలబెట్టుకోవడానికి డబ్బు సర్దలేక వదులుకున్నాడు. పాపం, పదేళ్లు ముందుగా పుట్టిన ఐడియా.

ఆ పదేళ్లకి, 1998 మార్చిలో, జర్మనీలో సీబిట్ ఎగ్జిబిషన్‌లో కొరియాకి చెందిన సేహాన్ కంపెనీ ఎంపీమ్యాన్ ఎఫ్10ని చూపించింది. 32 ఎంబీ ఫ్లాష్. అదే ఏడాది అమెరికాలో డైమండ్ మల్టీమీడియా రియో పీఎంపీ300ని 200 డాలర్లకి దింపింది. ఇదీ 32 ఎంబీయే, కాకపోతే స్మార్ట్‌మీడియా కార్డ్ పెట్టుకునే స్లాట్ ఉంది. స్మార్ట్‌మీడియా అంటే తొషీబా తెచ్చిన కార్డ్, మిల్లీమీటర్ కూడా లేనంత పల్చన, లోపల కంట్రోలర్ కూడా లేకుండా ఉత్త నాండ్ చిప్. రియోని కంప్యూటర్‌కి కలపడం ఎలా అనుకున్నారు? ప్రింటర్ తగిలించే ప్యారలల్ పోర్టుకి. ఆ ఆరు పాటలు ఎక్కడానికి కూడా నిమిషాలు పట్టేది.

200 డాలర్లకి ఆరు పాటలా? అప్పట్లో అదే 200 డాలర్లకి మంచి సీడీ వాక్‌మన్, పైన బోలెడు సీడీలు వచ్చేవి. మరి ఎందుకు కొన్నారు? ఎందుకంటే పరిగెత్తినా పాట ఆగదు. సీడీ ప్లేయర్ కదిపితే పాట గెంతేది. రియోలో కదిలేదేమీ లేదు, ఒక్క ఏఏ బ్యాటరీతో గంటల తరబడి పాడేది.

జనం కొన్నారు, రికార్డు కంపెనీలు భయపడ్డాయి. 1998 అక్టోబరులో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం ఆర్ఐఏఏ కోర్టుకెళ్లింది. 1992 నాటి చట్టం ప్రకారం డిజిటల్‌గా రికార్డ్ చేసే పరికరంలో కాపీల మీద కాపీలు తీయకుండా అడ్డుకునే ఏర్పాటు ఉండాలి, రాయల్టీ కట్టాలి, రియో ఇవేవీ చేయలేదు, అమ్మకం ఆపండి అని వాదన. జడ్జి ముందు తాత్కాలికంగా ఆపారు, పది రోజుల తర్వాత ఎత్తేశారు. 1999 జూన్‌లో అప్పీలు కోర్టు తీర్పు చాలా ఆసక్తిగా ఉంటుంది. ఆ చట్టం సీడీల్లాంటి మ్యూజిక్ రికార్డింగుల నుంచి కాపీ చేసే పరికరాల కోసం. రియో కాపీ చేసేది కంప్యూటర్ హార్డ్ డిస్క్ నుంచి. హార్డ్ డిస్క్‌లో ప్రోగ్రాములు, ఫైళ్లు అన్నీ ఉంటాయి కాబట్టి చట్టం చెప్పిన మ్యూజిక్ రికార్డింగ్ కిందికి అది రాదు. పైగా ఈ ప్లేయర్ చేసేది ఏమిటి? మన కంప్యూటర్లో ఇప్పటికే ఉన్న పాటని ఇంకో చోటికి మార్చుకుని వినడం. సొంతానికి అలా చేసుకోవడం ఆ చట్టం ఉద్దేశానికి విరుద్ధం కాదు అంది కోర్టు.

ఆ రోజు తీర్పు అటు వచ్చి ఉంటే? ప్రతి ప్లేయర్‌కీ తాళాలు, ప్రతి కాపీకీ లెక్క. ఊహ కాదు, అదెలా ఉంటుందో సోనీ చూపించింది కూడా. 1999లో సోనీ మెమరీ స్టిక్ వాక్‌మన్ తెచ్చింది. చూడ్డానికి ఎంత ముద్దొచ్చేదో! కానీ ఎంపీత్రీ నేరుగా పాడదు, సోనీ సొంత ఫార్మాట్‌లోకి మార్చాలి. పాటని సాఫ్ట్‌వేర్‌లో "చెక్ అవుట్" చేయాలి, లైబ్రరీ పుస్తకంలాగా. వాక్‌మన్‌ని కనిపెట్టిన కంపెనీ ఈ ఆటలో వెనకబడటానికి పెద్ద కారణం ఇదే అని నేననుకుంటా. సొంతంగా రికార్డు కంపెనీ కూడా ఉంది కదా, ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టుకుంది.

ఇక్కడ ఫ్లాష్ ఓడిపోయినంత పని అయింది. 2001 అక్టోబరులో వచ్చిన ఐపాడ్‌లో ఫ్లాష్ లేదు. 5 జీబీ హార్డ్ డిస్క్, 1.8 అంగుళాలది, వెయ్యి పాటలు. ఆ బుల్లి డిస్క్ చేసింది ఎవరు? తొషీబాయే! తన ఇంజినీర్ కనిపెట్టిన నాండ్‌తో కాకుండా తన డిస్క్‌తో ఐపాడ్ తిప్పింది. అప్పటికి అన్ని పాటలకి సరిపడా ఫ్లాష్ పెట్టాలంటే ఆస్తులు అమ్ముకోవాలి.

అయితే నాండ్ ధర ఆగకుండా పడుతూ వచ్చింది. తొషీబా 1992లోనే ఈ టెక్నాలజీకి శామ్‌సంగ్‌కి లైసెన్స్ ఇచ్చింది, తర్వాత ఆ ఇద్దరి మధ్యే పోటీ. డిజిటల్ కెమెరాలు కూడా కార్డుల మీద కార్డులు మింగేవి, ఆ క్రెడిట్ వాటికి ఇవ్వాలి. 2005 సెప్టెంబరులో యాపిల్ ఐపాడ్ నానో తెచ్చింది. పెన్సిల్ అంత సన్నం, లోపల డిస్క్ లేదు, నాండ్. 2 జీబీ 199 డాలర్లు. రియో ధర గుర్తుందా? 200 డాలర్లకి 32 ఎంబీ. ఏడేళ్లలో అదే డబ్బుకి 64 రెట్లు! ఆ నవంబరులో యాపిల్ ఐదు కంపెనీలతో, హైనిక్స్, ఇంటెల్, మైక్రాన్, శామ్‌సంగ్, తొషీబాలతో, 2010 దాకా ఫ్లాష్ సరఫరాకి ఒప్పందాలు చేసుకుని 125 కోట్ల డాలర్లు ముందే కడతానంది. ఇంకా తయారుకాని చిప్పులకి అడ్వాన్స్! ఐఫోన్ రావడానికి రెండేళ్ల ముందు మాట ఇది. మీ ఫోన్‌లో స్టోరేజ్‌కి దారి వేసిన డబ్బులో పెద్ద వాటా పాటలు వినేవాళ్లదే.

మన దగ్గరికి ఇది ఐపాడ్‌గా రాలేదు, మెమరీ కార్డ్‌గా వచ్చింది. శాన్‌డిస్క్ 2004లో తెచ్చిన ట్రాన్స్‌ఫ్లాష్ అనే గోరంత కార్డ్, మరుసటి ఏడాది మైక్రోఎస్‌డీ అయింది. మా ఊళ్లో బస్టాండ్ పక్కన మొబైల్ షాపు ముందు అట్ట మీద "పాటలు ఎక్కించబడును" అని రాసి ఉండేది. కార్డ్ ఇచ్చి, "అన్నా, కొత్తవి అన్నీ వెయ్" అంటే చాలు. అది పైరసీయే, కాదని నేను చెప్పను. కానీ నెట్ లేని ఊళ్లకి పాటలు అలాగే చేరాయి. రైలు ఎక్కేముందు ఆ షాపుల ముందు క్యూ నిలబడిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

మరి మసుఒకా ఏమయ్యారు? ఫ్లాష్ కనిపెట్టినందుకు కంపెనీ ఇచ్చిన బోనస్ కొన్ని వందల డాలర్లేనని పత్రికల్లో వచ్చింది. 1994లో తొషీబా వదిలేసి, తను చదువుకున్న తొహోకు యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరారు. 2004లో కంపెనీ మీద కేసు వేశారు, నా ఆవిష్కరణకి ప్రతిఫలంగా 100 కోట్ల యెన్లు ఇవ్వాలని. 2006లో రాజీ కుదిరింది. వచ్చింది 8.7 కోట్ల యెన్లు. 2018లో తొషీబా అప్పుల్లో మునిగి తన మెమరీ వ్యాపారాన్ని అమ్మేసుకుంది, ఇప్పుడు దాని పేరు కియాక్సియా. ఎంతకి అమ్మిందో తెలుసా? సుమారు 2 లక్షల కోట్ల యెన్లకి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో జీతానికి కోడ్ రాసినవాడిగా నాకు కాసేపు ఏం మాట్లాడాలో తోచలేదు. రిస్కు కంపెనీది, ఫ్యాక్టరీలు కంపెనీవి, వేలమంది ఇంజినీర్లు కలిసి చేశారు, అదీ నిజమే. అయినా 8.7 కోట్లు తక్కువే. కామెంట్లలో గొడవ పడదాం రండి.

ఇప్పుడు ఈ ప్లేయర్. తలుపు లేని గది అన్నాను కదా, నిజానికి ఆ గోడల్లోంచి ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా జారిపోతూనే ఉంటాయి. డేటాషీట్లలో సాధారణంగా పదేళ్లు ఉంటుందని రాస్తారు. ఇది సొరుగులో పడి అంతకు రెట్టింపు అయింది. బ్యాటరీ పెట్టుకునే చోట ఆకుపచ్చ తుప్పు, నిమ్మరసంతో తుడిచా. ల్యాప్‌టాప్‌కి పెడితే రెండుసార్లు గుర్తుపట్టలేదు. మూడోసారి ఫోల్డర్ తెరుచుకుంది. పాటలన్నీ ఎప్పుడో డిలీట్ చేసేసినట్టున్నాం. వాయిస్ ఫైళ్లు తొమ్మిది ఉన్నాయి. ఏదీ ప్లే చేయకుండా ముందు మొత్తం కాపీ కొట్టా.

రెండు తెరుచుకోలేదు. ఒకదాంట్లో మధ్యలో గరగర, ఎన్ని బ్లాకులు పోయాయో మరి. మిగతా ఆరూ బాగానే ఉన్నాయి. మొదటిదాంట్లో కథ కూడా లేదు. పదకొండు సెకన్లు. వెనకాల ఫ్యాన్ చప్పుడు, నా నవ్వు, ఆ తర్వాత అమ్మమ్మ: "ఒరేయ్, ఇది ఆన్ అయిందా, లేదా? మొదలెట్టమంటావా?"